డబ్బా రేడియో నుంచి కొబ్బరికాయ రేడియో దాకా: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 8

నిన్న సాయంత్రం మావయ్య నరసాపురం నుంచి పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి వచ్చాడు. చేతిసంచిలోంచి ఒక కోకాకోలా డబ్బా తీసి నా పనిబల్ల మీద పెట్టి, "ఇది పలికి పాతికేళ్ళు దాటిందిరా. బాగుచెయ్యగలిగితే నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ ఎరుగుదును ఆ డబ్బాని. 1983లో మావయ్య కువైట్ నుంచి మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చాడు. బీరువాలోంచి పండగలకే బయటికి వచ్చేది. చూడ్డానికి డబ్బా, తిప్పితే రేడియో. పిల్లలం చుట్టూ చేరి, పాట ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికేవాళ్ళం.

రోజువారీ వస్తువుల ఆకారంలో ఉండే రేడియోలు నేను ఆరేళ్ళుగా పోగేస్తున్నాను. ఇవాళ్టికి పదకొండు. పాత కారు, గ్లోబు, టెలిఫోను, గ్రామఫోను, చేతిగాజు లాంటిది ఒకటి, ఇంకా చిన్నాచితకా. అద్దాల అరలో పెట్టేది పలికేవాటినే. పలకనివి అట్టపెట్టెలో ఉంటాయి, వాటి వంతు వచ్చేదాకా. ఈ డబ్బాని మాత్రం అట్టపెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. మిగతా పనులన్నీ పక్కన పెట్టి దీంతోనే మొదలుపెడుతున్నాను. ఏ వారం ఏం చేశానో రాసిపెట్టుకోవాలని ఈ డైరీ.

జూన్ 15

ఇవాళ విప్పాను. అడుగున అంటించిన నల్లటి గుడ్డముక్క కింద మూడు స్క్రూలు దాగి ఉన్నాయి. ఇలాంటి రేడియోల్లో స్క్రూలు ఎప్పుడూ కళ్ళ ముందు ఉండవు. స్టిక్కరు కిందో, రబ్బరు కాళ్ళ కిందో వెతుక్కోవాలి. తొందరపడి చాకు దూర్చి ఎత్తితే పగిలేది డబ్బానే.

బయటికి రేకులా మెరుస్తుంది గానీ ఇది ప్లాస్టిక్కు. ఎర్రరంగూ తెల్ల అక్షరాలూ పైన అచ్చు వేసినవి. లోపల సర్క్యూట్ బోర్డుని డబ్బాకి సరిపడేలా గుండ్రంగా కోశారు. ఆరు ట్రాన్సిస్టర్లు. వెనక హాంగ్‌కాంగ్ అని ఉంది. పైమూత అంచున రెండు పళ్ళ చక్రాలు, ఒకటి సౌండుకి, ఒకటి స్టేషన్‌కి. ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ నా చిటికెన వేలంత కూడా లేదు. డబ్బా వెడల్పే ఆరున్నర సెంటీమీటర్లు, అందులో అడ్డంగా అంతకన్నా పొడుగు పట్టదు. కడ్డీ ఎంత పొట్టిదైతే స్టేషన్‌ని అంత తక్కువగా పట్టుకుంటుంది. ఆకారం కోసం రేడియో ఏం వదులుకుందో ఇక్కడే తెలుస్తుంది.

జబ్బులు ఇవి: బ్యాటరీ లోపలే వదిలేశారు, అది కారి క్లిప్పుని పూర్తిగా తినేసింది. స్పీకరు కాగితాన్ని పురుగు కొట్టింది. కడ్డీ చుట్టూ ఉన్న కాయిల్ తీగ ఒకచోట తెగింది. సౌండు చక్రంలో మట్టి. వీటన్నిటి మీదా ఆకుపచ్చటి చిలుము. సముద్రం దగ్గర ఊళ్ళలో రాగి కనబడితే చాలు, ఉప్పుగాలి వదలదు. అందుకే నా అరలో ప్రతి రేడియో పక్కనా తేమ పీల్చే సిలికా పొట్లం ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి వాటిని పెనం మీద వేడిచేసి మళ్ళీ పెడతాను.

జూన్ 22

ముందు క్లిప్పు. కొత్తది కొనొచ్చు, కానీ పాత తొమ్మిది వోల్టుల బ్యాటరీ నెత్తిన ఉండే బొత్తాల పట్టీని ఊడదీస్తే అదే క్లిప్పవుతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. బ్యాటరీ మీద చిన్న గుండ్రటి బొత్తం ప్లస్సు, పూరేకుల్లా విచ్చుకున్న పెద్దది మైనస్సు. అదే పట్టీ క్లిప్పుగా మారాక, దాని పెద్ద బొత్తం వెళ్ళి బ్యాటరీ చిన్న బొత్తాన్ని పట్టుకుంటుంది. అంటే ఎర్ర తీగని పెద్దదానికి అతికించాలి. అలవాటు కొద్దీ చిన్నదానికి అతికిస్తే కరెంటు తిరగబడి ట్రాన్సిస్టర్లు పోతాయి. మూడేళ్ళ కిందట ఒక కెమెరా రేడియోని అలాగే పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే మీటరు పెట్టి చూసుకోకుండా బ్యాటరీ తగిలించను.

కాయిల్ తీగే ఇవాళంతా తినేసింది. అది ఒక్క తీగ కాదు. వెంట్రుకల్లాంటి ఏడెనిమిది పోగుల పేట, ఒక్కో పోగు మీదా విడివిడిగా లక్క పూత. పూత తియ్యకపోతే టంకం అంటదు, చాకుతో గీకితే పోగు తెగుతుంది. రాజోలులో ఒక పాత రేడియో మెకానిక్ గారున్నారు. వాళ్ళబ్బాయి ఆ కొట్టునే సెల్‌ఫోన్ల షాపుగా మార్చేశాడు. పెద్దాయన మాత్రం మూలన స్టూలు వేసుకుని కూర్చుంటారు. ఆయన్ని అడిగితే, "ఆస్ప్రిన్ బిళ్ళ ఉందాండీ ఇంట్లో? తీగ కొసని బిళ్ళ మీద పెట్టి వేడి ఐరన్‌తో అదమండి, పూత దానంతటదే పోద్ది. కిటికీ తీసి ఉంచండి, ఆ పొగ మంచిది కాదు" అన్నారు.

అలాగే చేశాను. బిళ్ళ కరిగి చిమచిమమంది, ఘాటు వాసన ముక్కుకెక్కింది. తీగ కొస ఎర్రగా, కొత్త రాగిలా బయటపడింది. దాని మీద టంకం చుక్క పెట్టగానే పాకి అంటుకుంది. భూతద్దంలోంచి పోగులు లెక్కపెట్టాను. ఎనిమిదికి ఎనిమిదీ అంటాయి.

స్పీకరు కాగితానికి పల్చటి టిష్యూ ముక్కలు, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో. రెండువైపులా వెయ్యకూడదు, బరువెక్కి గొంతు బొంగురుపోతుంది.

జూన్ 29

పలికింది!

మొదట పాట కాదు, డబడబమని పడవ ఇంజను చప్పుడు. దానికి భయపడలేదు. కరెంటుని నిలకడగా ఉంచే పెద్ద కండెన్సర్ ఎండిపోతే వచ్చే చప్పుడే అది. వంద మైక్రోఫ్యారడ్‌ది కొత్తది వేశాను, ఆగిపోయింది. తర్వాత చక్రం తిప్పుతూ 80 అంకె దాటి కొంచెం ముందుకి జరిపేసరికి విజయవాడ.

ఇలాంటి రేడియోల ముఖం మీద 55, 60, 70, 80, 100, 120, 160 అని ఉంటుంది. ప్రతి అంకె పక్కనా ఒక సున్నా చేర్చుకుంటే కిలోహెర్ట్‌జ్ అవుతుంది. విజయవాడ 837, కాబట్టి 80 దాటిన కాస్తలో ఉంటుంది. విశాఖపట్నం 927, అది 80కీ 100కీ నడిమధ్య కన్నా కొంచెం అవతల. హైదరాబాద్ 738. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లకి తొమ్మిదేసి కిలోహెర్ట్‌జ్ ఎడం, ఈ మూడు అంకెలూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతాయి. అమెరికాలో పదేసి ఎడం. అక్కడి కోసం చేసిన రేడియో అయినా ఇక్కడ ఇబ్బంది లేకుండా పలుకుతుంది, ఎందుకంటే చక్రానికి మెట్లు లేవు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు.

ఒక్కటే చిరాకు, గరగర. మా ఇంటికి మూడువైపులా రొయ్యల చెరువులు, వాటి మీద నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, సెల్ ఛార్జర్లు. వీటి సర్క్యూట్లు మీడియం వేవ్ మీద ఒకటే రొద చేస్తాయి. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఒక్క క్షణంలో గరగరంతా తుడిచేసినట్టు పోయి గొంతు స్పష్టంగా వినపడింది. చీకట్లో కూర్చుని కరెంటు వచ్చేదాకా విన్నాను. మా చిన్నప్పటి సౌండు అది.

జూలై 6

మావయ్యకి ఫోన్ చేస్తే పొద్దుటి పంటుకే వచ్చేశాడు. డబ్బాని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పిన సంగతి నన్ను వారం రోజులుగా వదల్లేదు.

"దీన్ని తెచ్చినప్పుడు ఊళ్ళో ఒక్కడికి కూడా ఇది కూల్‌డ్రింకు డబ్బా అని తెలియదురా. రేడియో కంపెనీ పేరే కోకాకోలా అనుకున్నారు. అక్కడ కువైట్‌లో రోజూ తాగి పారేసే డబ్బాలే కదా, ఆ ఆకారంలో రేడియో కనబడితే నవ్వొచ్చి కొన్నాను. ఇక్కడికి తెస్తే ఎవరికీ నవ్వు రాలేదు."

నిజమే. కోకాకోలా 1977లో మన దేశం వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది 1993లో. మధ్యలో పుట్టి పెరిగిన మాలాంటి పిల్లలకి తెలిసింది గోళీసోడా, థమ్స్ అప్, అవి కూడా సీసాల్లోనే. డబ్బాలో డ్రింకు అన్న సంగతే ఎరగం. వస్తువు తెలిస్తేనే కదా, వస్తువు రేడియో అయిందన్న సరదా తెలిసేది! అక్కడ అది రోజువారీ వస్తువు. ఇక్కడ అదొక ఎర్రటి రేడియో, అంతే.

మావయ్య వెళ్ళాక నా అర వంక చూశాను. కోక్ డబ్బా, విలాయతీ కారు, గ్రామఫోను. పదకొండింట్లో ఒక్కటి కూడా మన ఊరి వస్తువు కాదు. అన్నీ వేరేవాళ్ళ ఇళ్ళలోని రోజువారీ వస్తువులే. మా ఇంట్లో, మా వాకిట్లో రోజూ చేతికి తగిలే వస్తువు ఒకటి రేడియో కావాలంటే అది ఏమిటి? ఎవరూ చెయ్యలేదు కాబట్టి నేనే చెయ్యాలి.

జూలై 13

చేసే ముందు ఉన్నవాటిని మళ్ళీ తీసి చూశాను, వాటిని చేసినవాళ్ళు ఎలా ఆలోచించారో తెలుసుకుందామని.

అసలు ఇదంతా ట్రాన్సిస్టర్ వచ్చాకే ఇంతగా పెరిగింది. 1933లోనే క్రాస్లీ కంపెనీ కోకాకోలా సీసా ఆకారంలో రేడియో చేసింది గానీ, అది వాల్వుల రేడియో, రెండడుగుల ఎత్తు. సీసాలా ఉంటుంది, కానీ చేత్తో పట్టుకునే సీసా కాదు. 1947 చివర్లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1954లో నాలుగే ట్రాన్సిస్టర్లతో రీజెన్సీ టీఆర్-1 అమ్మకానికి వచ్చింది. జేబులో పట్టేంత చిన్నదయ్యాక రేడియోకి ఇక పెట్టె ఆకారమే ఉండాలన్న నిర్బంధం పోయింది. అరవైలు, డెబ్బైలు, ఎనభైల్లో జపానూ, తర్వాత హాంగ్‌కాంగూ కనబడ్డ వస్తువునల్లా రేడియో చేసేశాయి.

వాటిలో మంచివేవో, కానివేవో నాకు ఒక లెక్క ఉంది. నాబ్ ఎక్కడ పెట్టారన్నదే ఆ లెక్క. నా దగ్గరున్న కారుకి పక్కన తగిలించిన రెండు స్టెప్నీ చక్రాలే నాబ్‌లు. చక్రం తిరగడానికే ఉంది కదా, తిప్పితే స్టేషన్ మారుతుంది. అది ఆలోచన. గ్లోబు రేడియోకి మాత్రం గ్లోబు తిరగదు, కింద స్టాండుకి రెండు మామూలు నాబ్‌లు అంటించారు. అది నాకు నచ్చదు. గ్లోబుని చూస్తే చెయ్యి తిప్పడానికే పోతుంది, తిప్పితే ఏమీ జరగదు.

వీటన్నిటిలోకీ నాకు ప్రాణం గాజు రేడియో. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు రెండేళ్ళ కిందట తెచ్చిచ్చాడు. పానసోనిక్ వాళ్ళ ఆర్-72, టూట్-ఎ-లూప్ అంటారు. డెబ్బైల మొదట్లోది, పసుపురంగుది. చేతికి తొడుక్కోవచ్చు. రెండు చేతుల్తో పట్టుకుని మెలితిప్పితే ఎస్ అక్షరంలా తెరుచుకుంటుంది. ఆ మెలి తిప్పడంలో ఉన్న ఆనందం మాటల్లో చెప్పలేను. మా అమ్మాయి దాన్ని తిప్పడానికే రోజూ అర దగ్గరికి వస్తుంది.

అందుకని నేను చేసేదానికి రెండు షరతులు పెట్టుకున్నాను. వస్తువు మన వాకిట్లోది కావాలి. ఆ వస్తువుని మామూలుగా చేత్తో ఏం చేస్తామో అదే స్టేషన్ మార్చే పని కావాలి.

జూలై 20

మా అమ్మ ఇత్తడి క్యారేజీ. మూడు గిన్నెలు, పైన మూత, పక్కన గొళ్ళెం. పొలానికి అన్నం పంపిన క్యారేజీ. కింద గిన్నెలో బ్యాటరీ, మధ్య గిన్నెలో సర్క్యూట్, పై గిన్నెలో స్పీకరు, మూత తిప్పితే స్టేషన్. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

పని మొదలుపెట్టే ముందు జేబు రేడియో ఒకటి విజయవాడ మీద పెట్టి క్యారేజీలో ఉంచాను. మూత పెట్టగానే స్టేషన్ పోయింది. తీస్తే కొంచెం వస్తోంది, పెడితే పోతోంది. పదిసార్లు చూశాను.

ఇది నాకు ముందే తోచాల్సింది. రేడియో తరంగం లోహానికి తగలగానే ఆ లోహంలోనే సుడులు తిరిగే కరెంటు పుడుతుంది. అది తరంగానికి ఎదురు నిలిచి లోపలికి పోనివ్వదు. ఇత్తడైనా, స్టీలైనా, అల్యూమినియమైనా ఇంతే. కోక్ డబ్బాని ప్లాస్టిక్కుతో చేసి రేకులా మెరిపించింది ఎందుకో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. అసలైన రేకు డబ్బాలో ఆ చిటికెన వేలంత కడ్డీకి ఏమీ వినపడదు.

క్యారేజీ కడిగి అమ్మకి ఇచ్చేశాను. చెంబు, మరచెంబు, బిందె, కుంపటి, వరసగా అన్నీ కొట్టేశాను. లోహం కానిది కావాలి. కుండ? పగులుతుంది, పైగా బరువు. టేకుచెక్క పెట్టె? అది మామూలు రేడియోనే అవుతుంది.

పెరట్లో ధబ్‌మని కాయ రాలింది. కోనసీమలో ఉంటూ ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదో!

ఆగస్టు 3

అంబాజీపేట వెళ్ళాను. పెరట్లో కాయలున్నా, చిప్ప దళసరిగా గుండ్రంగా ఉన్నది కావాలని. కొబ్బరి యార్డులో కాయలు ఒలిచే అతనికి సంగతి చెబితే పని ఆపి మరీ వెతికాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. "నీళ్ళు గలగలమంటే లోపల కొబ్బరి ఇంకా చిప్పకి అంటుకునే ఉందండి. కురిడీ అయితే గుండు విడిపోయి లోపల టకటకమంటది. మీకు కురిడీ చిప్పే మంచిది, బాగా ఎండి ఉంటది, మళ్ళీ కుంచించదు" అన్నాడు. ఆరు కాయలు తెచ్చాను.

కోత గురించి వివరంగా రాస్తున్నాను, ఎవరైనా చెయ్యాలనుకుంటే పనికొస్తుంది. ముందు నడుం చుట్టూ రబ్బరుబ్యాండు వేసి, దాని వెంట పెన్సిల్ గీత గీశాను. యాక్సాబ్లేడుతో ఒకేచోట లోతుగా కొయ్యకూడదు. గీత మీద చుట్టూ తిప్పుకుంటూ రవ్వంత రవ్వంత లోతు చేసుకుంటూ పోవాలి. మొదటి కాయని తొందరపడి ఒకచోటే కోశాను, గుళ్ళో కొట్టిన కాయలా అడ్డదిడ్డంగా పగిలింది. రెండోదానికి గంటన్నర పట్టింది. చివరికి బ్లేడు లోపలికి దిగినప్పుడు చిప్పల మధ్య నుంచి ఎండుకొబ్బరి వాసన గుప్పుమంది. కురిడీ గుండు ఒక్క గీటు కూడా పడకుండా ఊడి వచ్చింది. అది వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పీచు గీకి, ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటి కాగితం పెట్టి రుద్దితే నల్లటి చిప్ప మీద గోధుమరంగు జీరలు తేలాయి. ఇంత అందం పీచు కింద ఉంటుందని తెలియదు.

చిప్ప లోపల వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. కోక్ డబ్బా కన్నా మెరుగే.

ఆగస్టు 10

సర్క్యూట్. పాత జేబు రేడియో బోర్డు దూర్చేస్తే పని అయిపోయేది గానీ, లోపలిది కూడా నా చేత్తో చేసిందే కావాలనుకున్నాను. టీఏ 7642 అనే మూడు కాళ్ళ ఐసీ తీసుకున్నాను. చూడ్డానికి మామూలు ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది, లోపల మీడియం వేవ్ రేడియో అంతా ఉంటుంది. 1972లో బ్రిటన్‌లో ఫెరాంటీ కంపెనీ చేసిన జడ్ఎన్ 414కి ఇది తమ్ముడు లాంటిది. ఒకటిన్నర వోల్టు లోపే దీనికి చాలు. స్పీకరుని పలికించే బలం మాత్రం దీనికి లేదు, అందుకని దాని వెనక సౌండుని పెంచే ఎల్ఎం 386 ఐసీ.

బ్యాటరీ తొమ్మిది వోల్టులది. అందులోంచి ఐసీకి కావలసిన కొంచెం కరెంటు తియ్యడానికి ఒక రెసిస్టర్, దాని తర్వాత వరసగా రెండు చిన్న డయోడ్లు. ఒక్కో డయోడ్ దగ్గర ఆరేడు వందల మిల్లీవోల్టులు నిలుస్తాయి. రెండూ కలిస్తే సుమారు ఒకటింబావు వోల్టు.

పది సెంటీమీటర్ల కడ్డీ పట్టలేదు. ఫెర్రైట్‌ని రంపంతో కోస్తే ముక్కలవుతుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి, గుడ్డలో చుట్టి పుటుక్కున విరిచాను, సరిగ్గా గాటు దగ్గరే విరిగింది. దాని మీద కాగితం గొట్టం, గొట్టం మీద డెబ్బై చుట్లు. కడ్డీ తగ్గింది కాబట్టి మరో పది చుట్లు కలపాల్సి వచ్చింది. గ్యాంగు, అంటే తిప్పితే స్టేషన్ మార్చే కండెన్సర్, రాజోలు మెకానిక్ గారి డబ్బాలోది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. "పలికాక ఒకసారి తెచ్చి వినిపించండి చాలు" అన్నారు.

ఆగస్టు 17

బల్ల మీద పలుకుతుంది, చిప్పలో పెడితే కూస్తుంది. వారమంతా ఇదే టెన్షన్. సౌండు సగం పెంచగానే ఈలలా మొదలై చెవులు చిల్లులు పడే కూత.

కారణం దగ్గరితనం. స్పీకరు తీగలు కడ్డీ పక్క నుంచి పోతున్నాయి. బయటికి వెళ్ళే బలమైన సిగ్నల్ మళ్ళీ కడ్డీలోకి దూరి, పెరిగి, మళ్ళీ బయటికి, అలా గిరగిరా తిరుగుతోంది. పెద్ద పెట్టెలో రాని జబ్బు ఇది. స్పీకరు తీగలు రెండిటినీ జడలా మెలేసి చిప్ప గోడ వెంట అంటించాను. ఎల్ఎం 386 నుంచి సౌండు బయటికి వచ్చే కాలు దగ్గర పది ఓముల రెసిస్టర్, 47 నానోఫ్యారడ్ కండెన్సర్ వరసగా కలిపి గ్రౌండుకి, అంటే మైనస్సుకి దించాను. కడ్డీని స్పీకరుకి ఎంత దూరం జరపగలిగితే అంత జరిపాను. మూడు పనులూ చేశాకే ఆగింది. ఏ ఒక్కటి చేసినా చాల్లేదు.

ఆగస్టు 31

ఇవాళ ఒకటయ్యాయి రెండు చిప్పలూ.

కింది చిప్పలో స్పీకరు, బ్యాటరీ, బోర్డు. గోడకి సన్నటి బెజ్జాలు ముప్పై, సౌండు బయటికి రావడానికి. బ్యాటరీ కదలకుండా చుట్టూ పీచు కుక్కాను. చిప్ప అంచున అడ్డంగా వెదురుబద్ద, దాని నడుమ గ్యాంగు. గ్యాంగు కాడని ఒక వెదురుపుల్లతో పొడిగించి, పై చిప్ప లోపలి నడినెత్తికి అంటించాను. పై చిప్ప తిప్పితే స్టేషన్ మారుతుంది. పగిలిన కాయని రెండు చేతుల్తో పట్టుకుని మెలితిప్పి విడదీస్తాం చూశారా, అదే తిప్పడం. గాజు రేడియో నేర్పిన పాఠమే.

పై చిప్పకి మూడు కళ్ళున్నాయి కదా, సౌండు నాబ్‌కి మెత్తటి కన్ను తీసుకున్నాను. వాల్యూమ్ కంట్రోల్ కాడ ఆరు మిల్లీమీటర్లు, కన్నుని కొంచెం తొలిస్తే అచ్చంగా దానికోసమే పెట్టినట్టు సరిపోయింది. మిగతా రెండు కళ్ళనీ ముట్టుకోలేదు. కాయకి ముఖం ఉండాలి.

కింద ఆనడానికి పీచుతాడుతో కుదురు మా అమ్మ చుట్టి ఇచ్చింది.

నడుం గీత కింద మంటలో కాల్చిన సూదితో రెండు అంకెలు చెక్కాను, 837, 927. పగలు ఈ రెండే నికరంగా వస్తున్నాయి. రాత్రి 738 మీద హైదరాబాద్ సన్నగా వినపడుతుంది గానీ చెక్కేంత నమ్మకం కుదరలేదు. కింది చిప్పకి ఒకవైపు చిన్న గాటు కూడా పెట్టాను. ఫెర్రైట్ కడ్డీకి పక్క నుంచి వచ్చే స్టేషన్ బాగా వినపడుతుంది, కొస నుంచి వచ్చేది వినపడదు. విజయవాడ మాకు పడమర. అంటే కడ్డీ ఉత్తరం దక్షిణంగా పడుకోవాలి. గాటు పడమరకి తిప్పి పెడితే కడ్డీ దానంతటదే సరిగ్గా కూర్చుంటుంది.

పొద్దున్నే భక్తిరంజని కాయలోంచి వింది అమ్మ. పూజ గదిలో పెట్టమంది.

సెప్టెంబరు 7

ముందు రాజోలు. మాట ఇచ్చాను కదా. మెకానిక్ గారు స్టూలు మీద కూర్చుని కాయని చెవికి ఆనించుకున్నారు. సెల్‌ఫోన్ షాపు రొదలో సరిగా వినపడలేదు. వీధిలోకి తీసుకెళ్ళి విన్నారు. "ఐఎఫ్ లేకుండా ఇంత పలికిందా!" అన్నారు. ఐఎఫ్ అంటే మామూలు రేడియోల్లో స్టేషన్‌ని వేరే ఫ్రీక్వెన్సీకి మార్చి పెంచే భాగం, నా కాయలో అది లేదు. లోపలికి వెళ్ళి ఇంకో రెండు గ్యాంగులు తెచ్చి నా చేతిలో పెట్టారు.

సెప్టెంబరు 14

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, రైలింగు పక్కన నిలబడి కాయని సంచిలోంచి తీశాను. ఒడ్డున కొంచెం గరగర ఉంది. వశిష్ఠ గోదావరి మధ్యలోకి వచ్చేసరికి కరెంటు తీగలూ చెరువుల మోటార్లూ దూరమై పూర్తిగా తేటపడింది. పంటు ఇంజను అంత హోరు పెడుతున్నా రేడియోలోకి మాత్రం దాని రొద రాలేదు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ప్లగ్గులు ఉండవు, రేడియోకి పడనిది ఆ రవ్వే. ప్రవాహానికి పంటు పక్కకి తిరిగింది, గొంతు సన్నబడింది. గాటుని మళ్ళీ పడమరకి తిప్పాను, తిరిగి లేచింది. అవతలి రేవు చేరేలోపు నాలుగుసార్లు అలా తిప్పుకోవాల్సి వచ్చింది. పక్కన బుట్టతో కూర్చున్న ఒకావిడ, "కాయలో పాటలేంటి బాబూ!" అని దగ్గరికి వచ్చి, రేవు వచ్చేదాకా వింది.

మావయ్య వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. రేడియో ఆపేసి కాయని చేతికిచ్చాను, ఏమిటో చెప్పలేదు. ముందు చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు, నీళ్ళున్నాయేమో అని. ఏ చప్పుడూ లేదు. నడుం గీత వేలితో తడిమాడు. మెత్తటి కన్నులో ఉన్న నాబ్ తడిమి తిప్పాడు, టిక్కుమంది. తర్వాత రెండు చేతుల్తో పట్టుకుని, పగిలిన కాయని విడదీసేటట్టు మెలితిప్పాడు. విజయవాడ పలికింది.

చాలాసేపు విన్నాడు. భోజనాలయ్యాక కుదురు మీద పెట్టి, "కువైట్‌లో మా వాడికి ఒకటి చేసిపెట్టరా" అన్నాడు.

రెండో కాయకి ఇవాళ గీత గీశాను. యాక్సాబ్లేడు కొత్తది తేవాలి.